ముప్పావు డిగ్రీ

మన ఇల్లు, వంటగది కిటికీ దగ్గర
మీరు వెళ్ళిన తొమ్మిదో రోజు

ఏమండీ,

ఇక్కడ నేను, అత్తయ్య క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

ఇంతవరకు రాసేసరికి కాగితం మీద ఇంకా బోలెడు చోటు మిగిలింది. మీరు ఎదురుగా ఉంటేనే నా నోరు పెగలదు కదా, ఇక ఇక్కడేం రాస్తాను? "మూడు నెలలు వాడు అక్కడుంటే ఇలా రెండు ముక్కలు రాసి ఊరుకుంటావా? స్టాంపు దండగ" అని అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూసి అంటున్నారు. ఆవిడ చూస్తుంటే ఆ రెండు ముక్కలు కూడా రావడం లేదు.

ఇప్పుడు లోపలికి వెళ్ళారు. గబగబా రాస్తాను. అక్కడ వేడిగా తింటున్నారా? పెళ్ళయిన ఎనిమిది నెలల్లో మిమ్మల్ని ధైర్యంగా అడిగిన ప్రశ్న అదొక్కటే. రోజూ సాయంత్రం మీరు చెప్పులు విప్పుతుంటే అడిగేదాన్ని. "వేడిగానే ఉంది" అనేవారు. ఆ రెండు మాటలతో నాకు రోజంతా నిండిపోయేది. ఇప్పుడు మీ భోజనం డబ్బా అలమరలో బోర్లించి ఉంది.

మీరు చేసే పనేమిటో కూడా నాకు సరిగ్గా తెలీదు. "వేడి కొలుస్తాం" అన్నారు ఒకసారి. ఎవరికి జ్వరం అని అడగబోయి ఆగిపోయాను.

మీ ఇంటి మనిషి


శిక్షణ భవనం, రెండో అంతస్తు
మంగళవారం

మాటల పొదుపరికి,

ఎవరికి జ్వరమా! నేను పడీపడీ నవ్వుతుంటే పక్క మంచం వాడు లేచి కూర్చున్నాడు. ఇంత హాస్యం కడుపులో పెట్టుకుని ఎనిమిది నెలలు ఎలా ఉన్నావే?

జ్వరం మనుషులకి కాదు, మందులకి, అంటే రసాయనాలకి. రెండు మందులు కలిస్తే ఒక్కోసారి వేడి పుడుతుంది. ఎంత పుట్టిందో లెక్కగా చెప్పడం మా పని. ఫ్యాక్టరీవాళ్ళు అవే మందుల్ని పెద్దపెద్ద తొట్లలో కలుపుతారు. ఎంత వేడి పుడుతుందో ముందే తెలియకపోతే తొట్టి చుట్టూ ఎన్ని చన్నీళ్ళు తిప్పాలో వాళ్ళకి తెలీదు.

ఇక్కడ నేర్పేది బాంబు కెలోరీమీటర్. పేరు విని కంగారుపడకు, ఏదీ పేలదు. ఒక ఉక్కు కుండలో చిన్న పంచదార బిళ్ళ పెట్టి, నిండా ప్రాణవాయువు ఎక్కించి, నీళ్ళలో ముంచి, లోపల అంటిస్తాం. బిళ్ళ భగ్గుమంటుంది. మనకి మంట కనపడదు, నీళ్ళు వెచ్చబడడం మాత్రం కనపడుతుంది. నిన్న మొదటిసారి నేనే అంటించాను. ధర్మామీటర్‌లో పాదరసం కదలగానే గట్టిగా అరిచాను. అందరూ నావైపే చూశారు.

అందరిలోకీ నా చెయ్యి నికరమని మా ల్యాబు పెద్ద, మేడమ్, ఏరికోరి నన్నే పంపారు. అమ్మకి చెప్పు.

నీ వాడు


మన ఇల్లు, వంటగది కిటికీ దగ్గర
ఆదివారం

ఏమండీ,

కోప్పడనని ముందు మాటివ్వండి. ఇదే ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను.

మూడు వారాలుగా నేను మీ ల్యాబుకి వెళుతున్నాను. అక్కడ గాజుసామాను కడిగే ఆవిడ మానేసింది. మేడమ్ మన వీధిలో ఎవరైనా ఉన్నారా అని కబురు పెట్టారు. "పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చునే బదులు వెళ్ళు, నా కాళ్ళకి అడ్డం పడకుండా ఉంటావు" అని అత్తయ్యే తోశారు. పూటపనే. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేస్తాను.

మొదటి వారం తల ఎత్తలేదు. రెండో వారం ఎత్తాను. ఎందుకు ఎత్తానో ఏమో, ఇప్పుడు నిద్రలో కూడా అదే కనిపిస్తోంది! మీ బల్ల మీద ఇప్పుడు సోడా తాత పనిచేస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా కాస్టిక్ సోడా నీళ్ళు కలుపుతున్నారని ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారట, నేనూ పిలుస్తున్నాను. ఆ రోజు నేను గరాటు అందించి పక్కకి తప్పుకోబోతుంటే, "ఉండమ్మాయ్, పారిపోతావేం, ఇది కరవదు" అన్నారు. ఉన్నాను.

ఒక గిన్నెలో ఇంకో గిన్నె. మధ్యలో ఖాళీ. పైన మూత, మూతకి రెండు చిల్లులు. ఒకదాంట్లో ధర్మామీటరు, రెండోదాంట్లో కలిపే కడ్డీ. లోపల సోడా నీళ్ళు. అందులో అంతే యాసిడ్ పోసి, తాత కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తూ, అర నిమిషానికోసారి అంకె చదివారు. ఇరవై అయిదు మీద నిద్రపోతున్న పాదరసం లేచి పరుగెత్తింది! ముప్పై దాటింది. ముప్పై ఒకటి దాటింది. ముప్పై ఒకటీ పాయింట్ ఏడు దగ్గర ఆగింది. తర్వాత గిన్నె కడగడానికి తీసుకుంటే నా అరచేతికి వెచ్చగా తగిలింది. పొయ్యి లేదు, నిప్పు లేదు, ఎండ లేదు. రెండు చల్లని నీళ్ళలో ఆ వేడి అప్పటిదాకా ఎక్కడుంది? నేను పైకే అనేశాను. తాత కళ్ళజోడు తీసి, "ఈ మాట మీ ఆయన కూడా మొదటిరోజు అడిగాడు" అన్నారు.

ఆ మాట తలుచుకుంటూ ఇంటిదాకా ఎలా నడిచానో తెలీదు.

మీ ఇంటి మనిషి


శిక్షణ భవనం
శుక్రవారం

ల్యాబు మహారాణికి,

కోపమా? నీ ఉత్తరం పక్క మంచం వాడికి చదివి వినిపించాను. "మీ ఆవిడ మన మేష్టారి కంటే బాగా చెప్పింది" అన్నాడు. వాడి మాట నిజమే.

చేతులు జాగ్రత్త. యాసిడ్ సీసాలు కడిగేముందు నీళ్ళు ధారగా పొయ్యి. ఇంకో సంగతి. నా బల్ల సొరుగులో నీలం అట్ట నోటుపుస్తకం ఉంటుంది. అది తెరవకు. ఏం లేదు, చేతిరాత బాగుండదు.

నీ వాడు


మన ఇల్లు
సోమవారం

ఏమండీ,

తెరవకు అన్నాక తెరవకుండా ఎలా ఉంటాను?

మీ చేతిరాత ముత్యాల్లా ఉంది. అంకెల పక్కనే ఎర్రసిరాతో ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఏడూ పాయింట్ నాలుగు, ప్రశ్న. ఏడూ పాయింట్ అయిదు, ప్రశ్న. ఆ రెండు మందులు కలిస్తే పెరగాల్సింది ఆరూ పాయింట్ ఏడు డిగ్రీలేనట. తాత చేస్తే రోజూ అంతే వస్తోంది. మీ పుస్తకంలో ఒక నెల మొత్తంలో రెండంటే రెండు రోజులే ఆరూ పాయింట్ ఏడు ఉంది.

తాతని అడిగితే మొదట మాట దాటేశారు. నేను కదలకుండా నిలబడ్డాను. అప్పుడు చెప్పారు. మీ అంకెల్ని ఫ్యాక్టరీవాళ్ళు తిప్పి పంపారని, మేడమ్ మిమ్మల్ని పంపింది మీ చెయ్యి నికరమని కాదని, తిరిగొచ్చాక కూడా కుదరకపోతే మీ బల్ల తీసేసి స్టోరుగదిలో సీసాలు లెక్కపెట్టే పనికి వేస్తారని.

నాకు ఎందుకు చెప్పలేదు? నేను మాట్లాడనని, వినను కూడా అనుకున్నారా?

ఇక్కడ ఒక మంచి సంగతి కూడా ఉంది. ఇవాళ్టి నించి నాకు పూర్తిరోజు పని ఇచ్చారు. లోపల ఉన్ని గుడ్డ కొట్టిన సీసాల అలమర అడుగున దుమ్ము తుడుస్తుంటే మూలన ఒక గుండ్రటి అచ్చు కనపడింది. చూడగానే గుర్తుపట్టాను. మన డబ్బా అడుగే! చొట్టతో సహా! మీరు రోజూ అక్కడ పెట్టేవారా? ఇప్పుడు నా అన్నం తెచ్చుకునేదీ ఆ డబ్బాలోనే, సరిగ్గా ఆ అచ్చు మీదే పెట్టాను. మీ పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

మీ ఇంటి మనిషి


శిక్షణ భవనం
గురువారం

నీకు,

ఈసారి ఏమని పిలవాలో తోచలేదు.

అన్నీ నిజమే. నీ దగ్గర చిన్నబోతానని చెప్పలేదు. ధర్మామీటరు మార్చాను, కడ్డీ మార్చాను, మందులు కొత్తగా కలిపాను. అయినా అంకె పైకే పోయేది. ఆ రెండు రోజులు మాత్రం ఎందుకు సరిపోయాయో ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు. తప్పు నా చేతిలోనే ఉండి ఉంటుంది. వేరే ఎవరు చేసినా సరిగ్గా వస్తోంది కదా.

అచ్చు మన డబ్బాదే. వరండా బల్ల మీద పెడితే అందరూ మూత తీసి "కొత్త పెళ్ళాం ఏం పంపింది" అని ఆటపట్టించేవాళ్ళు. అన్నం చల్లారిపోయేది కూడా. రాత్రి చలికి సీసాల్లో వేడి మారకూడదని ఆ అలమరకి లోపలంతా మందపాటి ఉన్ని గుడ్డ కొట్టించారు. ఉన్ని వేడిని బయటికి పోనివ్వదు. నీ డబ్బా గోడల మధ్య మరిగే నీళ్ళు పోసి పంపుతావు కదా, ఎనిమిదింటికి పెడితే పన్నెండింటికి కూడా పొగలొచ్చేది. నువ్వు సాయంత్రం అడిగే ఆ ఒక్క ప్రశ్నకి అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

అక్కడే పెట్టు. ఎవరికీ చెప్పకు.

నీ వాడు


ల్యాబు మెట్ల మీద, భోజనం వేళ
బుధవారం

ఏమండీ! ఏమండీ!

కాగితం మోకాలి మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. దొరికింది!

నేను పూర్తిరోజు పనికి వచ్చిన దగ్గర్నించీ తాత అంకెలు పెరిగాయి. ఏడూ పాయింట్ మూడు, ఏడూ పాయింట్ అయిదు. మొదట నన్నే అన్నారు, గాజు సరిగ్గా కడగడం లేదని. మళ్ళీ మళ్ళీ కడిగాను. అయినా అంతే. నిన్న మేడమ్ తాత కళ్ళజోడు వంక చూసి, "మీ చూపు తగ్గినట్టుంది, సోమవారం మాట్లాడదాం" అన్నారు. ఆ మాట అర్థం ఇక్కడ అందరికీ తెలుసట. ఇంటికి పంపేస్తారు. తాత కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఈ పొద్దున నల్లా కింద చన్నీళ్ళలో చేతులు నానాక, తాత అడిగితే అలమరలోంచి యాసిడ్ సీసా తీశాను. వెచ్చగా ఉంది! మీరంతా రబ్బరు తొడుగులు వేసుకుని పట్టుకుంటారు, అందుకే మీకు తెలీలేదు. నా చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి, అందుకే తెలిసింది. సీసా పక్కనే మన డబ్బా. మీ ఉత్తరం గుర్తొచ్చింది. ఉన్ని వేడిని పోనివ్వదు.

సోడా నీళ్ళు పొద్దున ఎనిమిదింటికే గిన్నెలో పోసి బల్ల మీద ఉంచుతారు. యాసిడ్ పదకొండింటిదాకా అలమరలోనే ఉంటుంది. రాత్రంతా రెండూ ఒక్కచోటే ఉన్నాయి కదా అని ధర్మామీటరు గిన్నెలోనే పెడతారు, సీసాలో ఎవరూ పెట్టరు. తాత బయటికి వెళ్ళగానే నేను పెట్టాను. గిన్నెలో ఇరవై అయిదు. సీసాలో ఇరవై ఆరున్నర.

స్నానానికి ఒక చెంబు వేణ్ణీళ్ళు, ఒక చెంబు చన్నీళ్ళు కలిపితే సరిగ్గా మధ్యకి వస్తాయి కదా. ఒకటిన్నరలో సగం ముప్పావు. ఆరూ పాయింట్ ఏడుకి ముప్పావు కలపండి. ఏడున్నరకి వెంట్రుకవాసి తక్కువ. మీ నోటుపుస్తకం అంతా అదే!

ఆ రెండు రోజుల తారీఖులు కూడా చూశాను. ఒకటి నాకు జ్వరం వచ్చి వంట చెయ్యని రోజు. రెండోది మీరు అలిగి డబ్బా వదిలేసి వెళ్ళిన రోజు. తారీఖులు నాకు కంఠతా వచ్చు.

మీ చెయ్యి తప్పు కాదండీ. నా అన్నం తప్పు. సోమవారంలోగా మేడమ్‌కి చెప్పనా? వెంటనే రాయండి.

మీ ఇంటి మనిషి


శిక్షణ భవనం
శనివారం

వద్దు. చెప్పకు.

నీ ఉత్తరం చదివి గదిలో గంతులేశాను, తర్వాత కూలబడ్డాను. తలుపు వెనక బోర్డు చూశావా? "తినే వస్తువులు ఈ గదిలోకి తేరాదు." దాని కింద నా సంతకం ఉంది. యాసిడ్ పక్కన అన్నం పెట్టాడని తెలిస్తే స్టోరుగది కూడా ఉండదు. ఏకంగా గేటు బయటే. నిన్నూ పంపేస్తారు. డబ్బా మాత్రం ఇక అక్కడ పెట్టకు, తాత అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి. నేను వచ్చాక చూద్దాం.

వేడి కొలిచేవాణ్ణి, వేడి పోని పెట్టెలో వేడి డబ్బా పెట్టాను. నన్ను చూసి నాకే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

నీ వాడు


మన ఇల్లు, వంటగది కిటికీ దగ్గర
మంగళవారం

ఏమండీ,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. అప్పటికే చెప్పేశాను.

సోమవారం పదింటికి తాత తన కోటు మడిచి సంచీలో పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళ కోటు. అది చూశాక మీ జవాబు కోసం ఆగలేకపోయాను. మేడమ్ గది తలుపు కొట్టాను. కొట్టింది నేనేనా అని నాకే అనుమానం.

"ఏమిటి?" అన్నారు.

"సీసా వెచ్చగా ఉంది మేడమ్" అన్నాను. అంతకంటే మాట రాలేదు. అదే మాట మూడుసార్లు అన్నాను. ఆవిడ విసుక్కోకుండా లేచి నా వెనకే వచ్చారు.

తలుపు వెనక బోర్డు అప్పుడే మొదటిసారి చదివాను. కింద మీ సంతకం కూడా చూశాను. కానీ డబ్బా అప్పటికే నా చేతిలో ఉంది, మేడమ్ దాన్నే చూస్తున్నారు. ఇక వెనక్కెక్కడికి పోతాను? ఉన్నదున్నట్టు చెప్పాను.

మేడమ్ యాసిడ్‌ని రెండు సీసాల్లో పోయించారు. ఒకటి బల్ల మీద ఉంచారు. రెండోది అలమరలో, మన డబ్బా పక్కన. మూడు గంటలు! ఆ మూడు గంటల్లో నేను కడిగిన గాజే మళ్ళీ కడిగాను. తర్వాత తాత కోటు బయటికి తీసి తొడుక్కుని కడ్డీ పట్టుకున్నారు. బల్ల మీది సీసా పోస్తే ఆరూ పాయింట్ ఏడు. అలమర సీసా పోస్తే పాదరసం పోతోంది, పోతోంది... "ఏడూ పాయింట్ నాలుగు!" అని తాత అరిచారు. "నా కళ్ళు బాగానే ఉన్నాయి!"

మేడమ్ మీ నోటుపుస్తకం తెరిచారు. "మరి ఈ రెండు రోజులూ?"

"ఒకరోజు నాకు జ్వరం మేడమ్."

"రెండో రోజు?"

నేను నేల చూశాను. గది నిండా జనం. "అలిగారు, మేడమ్."

"ఎవరు?"

"ఆయనే. నేనొక్క మాటైనా మాట్లాడనని అలిగి, డబ్బా పెట్టకుండా వెళ్ళారు."

మేడమ్ నవ్వుతారని మీకు తెలుసా? నాకు తెలీదు. తాతైతే బల్ల పట్టుకుని నవ్వారు. "మాట్లాడదని అలిగాడా? ఇవాళ వచ్చి వినమనండి!"

తర్వాత మేడమ్ మొహం గట్టిగా పెట్టారు. యాసిడ్ గదిలో అన్నం పెట్టినందుకు మీకూ నాకూ కలిపి చీవాట్లు పడ్డాయి. మీ వంతు కూడా నేనే తిన్నాను. అవి అయ్యాక అన్నారు: "డబ్బా కాకపోతే రేపు ఇంకేదో ఉండేది. ఇన్నేళ్ళలో రెండో సీసాలో ధర్మామీటరు పెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. తప్పు ఏ ఒక్కరి చేతిదీ కాదు, మా అందరి పద్ధతిది." ఎర్రసిరా ప్రశ్నలన్నీ స్వయంగా కొట్టేశారు. ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తున్నారు. మీ బల్ల మీకే ఉంటుంది. తాత ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఇక నించి కలిపే ముందు రెండు సీసాలూ చూడాలట. రెండో ధర్మామీటరు చదివే పని ఎవరిదో ఊహించండి.

మీరు వద్దన్నా చెప్పినందుకు కోపమా?

మీ ఇంటి మనిషి


శిక్షణ భవనం
శుక్రవారం

రెండో ధర్మామీటరు గారికి,

కోపం లేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని భవనం చుట్టూ నడిచాను. ఈ ఇటుకలకి కూడా చెప్పాలనిపించింది. నాకంటే నీకే ధైర్యం ఎక్కువని ఇప్పుడు తెలిసింది.

ఒక మాట. ఆ రోజు అలిగి వెళ్ళాక మధ్యాహ్నం ఆకలి చంపేసింది. ల్యాబులో ఆ రోజు అంకె సరిగ్గా వచ్చింది, నాకు మాత్రం ఏదీ సరిగ్గా లేదు. నెల చివర వచ్చేస్తున్నాను. అన్నం ఇక చల్లగా తింటాను, పర్వాలేదు.

నీ వాడు


ల్యాబు వరండా
గురువారం

ఏమండీ,

చల్లగా ఎందుకు తింటారు?

మూలన పాత పెద్ద కెలోరీమీటరు, అదే గిన్నెలో గిన్నె, ఒకటి పడి ఉంది, మూత చిల్లు పెద్దదై పనికిరాకుండా పోయింది. అడిగితే మేడమ్ ఇచ్చేశారు. తాత వరండా బల్ల కింద బిగించారు. మన డబ్బా లోపలి గిన్నె ఉండే చోట సరిగ్గా దిగింది. చిల్లు చుట్టూ ఉన్ని చుట్టి ధర్మామీటరు దించాను. ఎనిమిదింటికి ఎనభై ఒకటి. పన్నెండింటికి అరవై మూడు. నాలుగు రోజులు వరసగా చూసి గళ్ళ కాగితం మీద గీశాను, తాత సరిచూశారు.

కాబట్టి రైలు దిగి ఇంటికి వచ్చాక, సాయంత్రం మీరు చెప్పులు విప్పుతుంటే వేడిగా తిన్నారా అని ఇక అడగను. అది నాకు ముందే తెలుస్తుంది.

అడగడానికి వేరేవి చాలా ఉన్నాయి. రాసి పెట్టుకుంటున్నాను, ఇప్పటికి రెండు పేజీలైంది.

మీ ఇంటి మనిషి